వైగై ఒడ్డున తిరుమల నాయకుడు

చిత్తిరై మాసపు పున్నమినాడు తెల్లవారుజామున మదురై ఊరంతా వైగై నదిలోనే ఉంటుంది. కొందరు నీళ్లలో నిలుస్తారు, కొందరు ఇసుకలో కూర్చుంటారు. మిగిలినవారు గట్లమీద, వంతెనలమీద, మిద్దెలమీద చేరుతారు. అందరి చూపూ ఉత్తర దిక్కుకే. 20 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అళగర్ కొండనుంచి అళగర్ స్వామి బంగారు గుర్రమెక్కి వచ్చి ఏటిలో దిగుతాడు. చెల్లెలు మీనాక్షి పెళ్లికి బయలుదేరిన అన్నగారు, తాను వచ్చేలోపలే పెళ్లి జరిగిపోయిందని విని, అలిగి, ఊళ్లోకి రాకుండా వండియూరు వైపు మళ్లిపోతాడని కథ. స్వామి కట్టుకొన్న పట్టు ఏ రంగుదో చూడాలని రైతులు మెడలు చాస్తారు. ఆకుపచ్చ పట్టయితే ఆ యేడు పంటలు బాగా పండుతాయని వారి నమ్మకం.

ఈ ఉత్సవం అనాదిగా ఇలాగే జరుగుతోందని చాలామంది అనుకొంటారు. అది నిజం కాదు. ఒకప్పుడు మీనాక్షి కల్యాణం ఒక నెలలో జరిగేది, అళగర్ ఏటిలో దిగడం మరొక నెలలో, మరొక ఊళ్లో జరిగేది. ఆ రెండింటినీ ఒక నెలకు, ఒక రేవుకు తెచ్చి కలిపినవాడు ఒక రాజు. ఆయన ఇంట మాట్లాడిన భాష తెలుగు. ఆయన పేరు తిరుమల నాయకుడు. శాసనాలలో ఆయన పేరు తిరుమల సౌరి నాయని అయ్యలుగారు అని కనబడుతుంది. తమిళ లిపిలో చెక్కిన శాసనాలలో కూడా ఆ చివరి గారు అలాగే ఉండడం చూస్తే మన పిల్లలకు ముచ్చట కలుగుతుంది.

తిరుమల నాయకుని కథ తెలియాలంటే ముందు ఆయన పూర్వులు ఈ నేలకు ఎలా వచ్చారో కొంచెం తెలుసుకోవాలి. విజయనగర చక్రవర్తుల కాలంలో మదురై సీమను పాలించడానికి విశ్వనాథ నాయకుడు వచ్చాడు. మదురై నాయక రాజ్యం 1529లో ఆయనతో మొదలైందని చెబుతారు. ఆయన పాత పాండ్యుల కోటను తీసివేయించి, దానికంటె పెద్ద కోటను 72 బురుజులతో కట్టించాడు. అరియనాథ ముదలియార్ అనే సమర్థుడైన మంత్రి సహాయంతో రాజ్యాన్ని 72 పాలెములుగా విభజించి, ఒక్కొక్క బురుజు కాపలా ఒక్కొక్క పాలెగానికి అప్పగించాడు. మీనాక్షి ఆలయాన్ని నడిమధ్యన ఉంచి, దాని చుట్టూ చదరంగా ఒకదాని వెలుపల ఒకటిగా ఉన్న వీధుల క్రమం ఆయన కాలంలోనే స్థిరపడింది. ఆడి వీధి, చిత్తిరై వీధి, ఆవణి మూల వీధి, మాసి వీధి. నెలల పేర్లే వీధుల పేర్లు. ఏ నెలలో ఏ ఉత్సవం ఏ వీధిలో తిరుగుతుందో ఆ వీధికి ఆ పేరు.

ఆ రోజులలోను, ఆ తరువాతి తరాలలోను నాయకుల వెంట సైనికులు, రైతులు, నేతగాళ్లు, వర్తకులు తెలుగు దేశం నుంచి కుటుంబాలతో తరలివచ్చారు. నల్లరేగడి నేలలు చూసుకొని ఊళ్లు కట్టుకొన్నారు. నాయకుల ఏలుబడిలో ఉన్న కోయంబత్తూరు సీమలో, మదురై సీమలో, ఇంకా దక్షిణాన తిరునెల్వేలి దాకా నేటికీ ఇళ్లలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఉండడానికి ఆ వలసలే ముఖ్యమైన కారణం.

విశ్వనాథుని వంశంలో ముద్దుకృష్ణప్ప నాయకునికి తిరుమల నాయకుడు కుమారుడు. అన్న ముద్దువీరప్ప నాయకుడు 1609 నుంచి 1623 వరకు పాలించాడు. ఆయన రాజధానిని మదురై నుంచి తిరుచిరాపల్లికి మార్చాడు. అది తెలివితక్కువ పని కాదు. తిరుచిరాపల్లిలో ఎత్తైన కొండకోట ఉంది, పక్కనే కావేరి ఉంది. ఉత్తరం నుంచి వచ్చే శత్రువును అక్కడినుంచే ఎదుర్కోవచ్చు. యుద్ధం తెలిసినవాడెవడైనా ఆ చోటే కోరుకొంటాడు.

1623లో అన్న మరణించగా తిరుమల నాయకుడు రాజయ్యాడు. కొంతకాలానికి రాజధానిని తిరిగి మదురైకి తెచ్చాడు. ఎందుకు తెచ్చాడన్నదానికి ప్రజలు ఒక కథ చెప్పుకొంటారు. రాజును చాలాకాలం తగ్గని పడిశం పీడించింది. వైద్యుల మందులు పనిచేయలేదు. మదురైకి ప్రయాణమైపోతూ దిండుక్కల్లులో విడిది చేసిన రాత్రి మీనాక్షీ సుందరేశ్వరులు కలలో కనబడి, మదురైలోనే ఉండిపొమ్మని, జబ్బు నయమవుతుందని చెప్పారట. ఆ మాట ప్రకారం ఆయన మదురైలో ఉంటానని, ఆలయానికి సేవ చేస్తానని మొక్కుకొన్నాడట. కథ సంగతి ఎలా ఉన్నా, రాజ్యానికి మదురై నడిబొడ్డు. వందల ఏండ్లుగా ప్రజలు దేవుని కోసం, అంగడి కోసం, చదువు కోసం వచ్చి చేరే ఊరు అది.

చదువు కోసం అనడం అతిశయోక్తి కాదు. రాబర్ట్ డి నొబిలి అనే ఇటలీ దేశపు క్రైస్తవ మతగురువు 1606లో మదురై వచ్చి, తమిళం, తెలుగు, సంస్కృతం నేర్చుకొన్నాడు. ఈ నగరంలో 10,000 మందికి పైగా విద్యార్థులు ఉన్నారని, ఒక్కొక్క ఆచార్యుని దగ్గర 200 మంది, 300 మంది చొప్పున చేరి చదువుకొంటున్నారని ఆయన 1610లో రాసిన లేఖ వల్ల తెలుస్తున్నది. వారి భోజన వసతులకు రాజులు ధర్మాలు ఏర్పాటు చేశారు. అయితే ఆ పాఠశాలల తలుపులు బ్రాహ్మణ బాలురకే తెరిచి ఉండేవి. రేగడి దున్నే రైతు కొడుకుకు, మగ్గం నేసేవాని కొడుకుకు అందులో చోటు లేదు. ఏమైనా, వైగై ఒడ్డున ఉన్న ఈ ఊరు ఆ కాలానికి ఒక పెద్ద విశ్వవిద్యాలయం వంటిది. తిరుమల నాయకుడు బీడు భూమిలో ఊరు కట్టలేదు. నిండుగా ఉన్న ఊళ్లో, ఎవరినీ కదిలించకుండా, కొత్త రాజధానిని ఇమడ్చవలసివచ్చింది. అసలు చిక్కు అదే.

ఊరి నడుమ దేవాలయం. దాని చుట్టూ వీధులు. ఉత్తరాన వైగై. ఆ నది కావేరి వంటిది కాదు. వరుసనాడు కొండలలో పుట్టి, తూర్పుగా రామనాథపురం సీమ మీదుగా పారే చిన్న నది. వానలు కురిసినప్పుడు ఒడ్డులు ఒరుసుకొని పారుతుంది. ఎండలు ముదిరితే ఇసుక మిగులుతుంది. దాని నీటిని పట్టి నిలుపుకోవాలేగాని, ఎప్పుడు వెళ్లినా నీళ్లుంటాయని నమ్మడానికి వీలులేదు. ఆ రోజులలో పాండ్య సీమ అంతటా చెరువులు అందుకే వెలిశాయి.

తిరుమల నాయకుడు అంతఃపురానికి, కొలువుకు ఆలయానికి ఆగ్నేయ దిక్కున, దాదాపు ఒక మైలు దూరాన, చోటు ఎన్నుకొన్నాడు. అక్కడ 1636లో ఆయన కట్టించిన మహలు నేడు మనం చూసేదానికి నాలుగు రెట్లు ఉండేదని అంటారు. ఒక్క భవనం కాదది. స్వర్గవిలాసం, రంగవిలాసం అని రెండు పెద్ద భాగాలు. రాజు కొలువు స్వర్గవిలాసంలో, తమ్ముడు ముత్యాలు నాయకుని నివాసం రంగవిలాసంలో. వాటితోపాటు నాటకశాల, ఆయుధశాల, పూజామందిరం, వాద్యకారులు ఉండే చోటు, అంతఃపురాలు, కొలను, తోట ఉండేవి. ఒక ప్రహరీ లోపల ఒక చిన్న పట్టణమే.

దానిని దేనితో కట్టారో తెలుసుకోవడం బాగుంటుంది. ఆలయాలను రాతితో కట్టారు. మహలును మాత్రం ఇటుకతో, సున్నంతో కట్టారు. గుల్లలు కాల్చి తీసిన సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో తిప్పి మెత్తగా నూరేవారు. పై పూతకు వేసే సున్నంలో కోడిగుడ్ల తెల్లసొన కలిపేవారు. ఆ పూతను నునుపైన రాయితో మెరుగుపెట్టగా గోడలు, స్తంభాలు చలువరాతివలె మెరిసేవి. ఎండాకాలంలో ఆ గోడకు చేయి ఆనిస్తే చల్లగా తగులుతుంది.

స్వర్గవిలాసపు నడిమి ముంగిలి సుమారు 250 అడుగుల పొడవు, 150 అడుగుల వెడల్పు ఉంటుంది. దాని చుట్టూ 40 అడుగులకు తక్కువకాని స్తంభాలు వరుసలు తీరి నిలుచున్నాయి. ముగ్గురు పిల్లలు చేతులు కలిపి చుట్టినా ఒక్కొక్క స్తంభం చుట్టుకొలత అందదు. స్తంభానికి స్తంభానికి మధ్య ఆకుల అంచుల వంటి ఒంపులు తిరిగిన కమానులు ఉన్నాయి. సింహాసనం ఉండే చోట పైన 60, 70 అడుగుల ఎత్తున గుమ్మటం లేస్తుంది. దానిలో ఒక్క దూలం గాని, ఒక్క ఇనుప కమ్మీ గాని లేదు. ఇటుకలు ఒకదానిమీద ఒకటి ఒరిగి, ఒకదాని బరువును మరొకటి పక్కకు తోసి, ఆ తోపునే ఆధారం చేసుకొని నిలుస్తాయి. చివరి ఇటుక పెట్టేదాకా పనివాళ్లకు గుండె దడే. పెట్టిన తరువాత మూడున్నర శతాబ్దాలు దాటినా ఆ గుమ్మటం అక్కడే ఉంది.

స్తంభాల తీరు ఐరోపా భవనాలను తలపిస్తుంది. కమానుల తీరు ముస్లిం సుల్తానుల కట్టడాలను తలపిస్తుంది. వాటిమీది గచ్చు బొమ్మలు, యాళులు మన శిల్పుల చేతివి. ఇటలీ నుంచి వచ్చిన శిల్పి ఎవరో నమూనా గీసి ఇచ్చాడని ఒక మాట ప్రచారంలో ఉంది. గీసినవాడు ఎవడైనా, ఇటుక కాల్చి, సున్నం నూరి, పరంజాలెక్కి కట్టిన చేతులు మాత్రం ఈ సీమవే.

ఇంత ఇటుకకు మన్ను ఎక్కడిది? ఊరికి తూర్పున, వైగై దక్షిణపు గట్టుకు చేరువలో, వండియూరు మారియమ్మ గుడి దగ్గర మన్ను తవ్వించారు. బండ్లమీద మన్ను కదిలిపోతున్నకొద్దీ అక్కడ గొయ్యి పెద్దదైంది. మరొక రాజయితే ఆ గోతిని అలాగే వదిలేసేవాడు. తిరుమల నాయకుడు దానిని కొలతలు వేయించి చదరంగా చేయించాడు. సుమారు 1,000 అడుగుల పొడవు, 950 అడుగుల వెడల్పు. నాలుగు వైపులా రాతి మెట్లు, చుట్టూ పిట్టగోడ, నడుమ తోటతో ఒక దీవి, దానిమీద మండపం. ఆ విధంగా ఇటుకమన్ను తీసిన గొయ్యి 1645లో తెప్పకుళంగా మారింది.

మన్ను తవ్వేటప్పుడు ఒక పెద్ద వినాయక విగ్రహం దొరికిందని, దానినే మీనాక్షి ఆలయంలో ప్రతిష్ఠించారని చెబుతారు. మూడు కురుణుల బియ్యప్పిండితో ఒకే ఒక్క కుడుము చేసి వినాయక చవితినాడు ఆ స్వామికి నివేదిస్తారు. అందుకే ఆయన ముక్కురుణి వినాయకుడు.

ఈ తెప్పకుళంలో మెచ్చుకోవలసింది మెట్లు కాదు, నీరు వచ్చే దారి. వైగైలో నీరు పారేటప్పుడు ఆ నీటిని కాలువ ద్వారా మళ్లించి, నేలలోపలి తూముల గుండా కోనేటిలోకి వదిలేలా ఏర్పాటు చేశారు. ఏతాము వేయనక్కరలేదు, కూలివాడు కుండ మోయనక్కరలేదు. పల్లానికి పారడం నీటి స్వభావం. ఆ వాలును సరిగా కొలిచి కాలువ తీస్తే చాలు. కోనేరు నిండితే చుట్టుపక్కల బావులలో ఊట పెరుగుతుంది. ఏటి నీరు నాలుగు రోజులలో సముద్రం వైపు పోయినా, ఊరివంతు ఊరికి మిగులుతుంది. రాజు పుట్టిన నక్షత్రం పుష్యమి. తై నెలలో పుష్యమినాడు మీనాక్షీ సుందరేశ్వరులను ఆ కోనేటికి తెచ్చి, దీపాలు వెలిగించిన తెప్పమీద తిప్పే ఉత్సవం ఆయన కాలంలో మొదలైంది.

ఆలయం దగ్గర కూడా ఆయన పనులు సాగించాడు. తూర్పు గోపురానికి ఎదురుగా 124 స్తంభాలతో వసంత మండపం కట్టించాడు. ప్రజలు దానిని పుదుమండపం అంటారు, అంటే కొత్త మండపం. నాలుగు వందల ఏండ్లు కావస్తున్నా దాని పేరు కొత్తదే. వేసవిలో స్వామివారికి చల్లగా ఉండాలని మండపం చుట్టూ నీరు నిలిచే కాలువ కట్టించారు. లోపలి స్తంభాలమీద విశ్వనాథుడు మొదలు తిరుమల నాయకుని వరకు పదిమంది నాయక రాజుల విగ్రహాలు ఉన్నాయి. చివరిది ఆయనది, రాణులతో సహా.

ఆ విగ్రహాలను గురించి మదురైలో ఒక కథ ఉంది. రాణి విగ్రహం చెక్కుతుండగా తొడమీద చిన్న పెచ్చు ఊడిందట. శిల్పి భయపడ్డాడు. ఆలయపు పనులను చూస్తున్న మంత్రి నీలకంఠ దీక్షితులు, అలాగే వదిలివేయమని, రాణికి ఆ చోట పుట్టుమచ్చ ఉండవచ్చునని చెప్పాడట. ఆ మాట రాజు చెవినబడింది. నిజంగానే అక్కడ మచ్చ ఉంది. అది మంత్రికి ఎలా తెలిసిందని రాజు అనుమానించాడు, పట్టి తెమ్మని భటులను పంపాడు. పూజలో ఉన్న దీక్షితులు సంగతి గ్రహించి, రాజు విధించబోయే శిక్షను తానే విధించుకొని, కర్పూర హారతితో కన్నులు పోగొట్టుకొన్నాడట. రాజు తన తప్పు తెలుసుకొని పరుగున వచ్చి క్షమించమని వేడుకొన్నాడు. అమ్మవారి దయవల్ల దీక్షితులకు మళ్లీ చూపు వచ్చిందని కథ ముగుస్తుంది. ఇది కథే కావచ్చు. కాని నీలకంఠ దీక్షితులు నిజంగా జీవించిన మహాపండితుడు. నీలకంఠ విజయం అనే చంపూకావ్యాన్ని 1637లో రచించాడు. ఎంత గొప్ప కట్టడాలు కట్టినా రాజు అధికారం ఎంత భయంకరమైనదో ప్రజలు మరచిపోలేదని ఈ కథ వల్ల తెలుస్తుంది.

ఇక ఉత్సవం సంగతి. మీనాక్షి కల్యాణం, రథోత్సవం పూర్వం మాసి నెలలో జరిగేవి. ఆ పెద్ద రథాలను కదిలించడానికి వేలమంది కావాలి. మాసి నెల కోతల కాలం. కొడవలి వదిలి రథపు మోకు పట్టుకోవడానికి రైతుకు తీరిక ఎక్కడిది? అటు అళగర్ స్వామి చిత్తిరై నెలలో వచ్చి, మదురైకి ఎగువనున్న తేనూరు దగ్గర వైగైలో దిగేవాడు. శైవుల పండుగ వేరు, వైష్ణవుల పండుగ వేరు. తిరుమల నాయకుడు కల్యాణాన్ని, రథోత్సవాన్ని చిత్తిరైకి జరిపాడు. అళగర్ దిగే రేవును తేనూరు నుంచి మదురైకి మార్చాడు. కోతలు ముగిసి, ధాన్యం ఇంటికి చేరి, చేతిలో నాలుగు కాసులు ఆడే రోజులు అవి. పల్లెలన్నీ బండ్లు కట్టుకొని కదిలివచ్చాయి. ఊళ్లో అంగళ్లు నిండాయి. శివుని పెళ్లికి విష్ణుభక్తులు, విష్ణువు రాకకు శివభక్తులు ఒకే ఇసుకలో కూర్చొని ఎదురుచూడడం మొదలైంది.

తేనూరువారికి మాత్రం నష్టమే జరిగింది. వారి ఊరి పేరు పూర్తిగా పోకుండా వండియూరు దగ్గర అళగర్ విడిది చేసే మండపానికి తేనూరు మండపం అనే పేరు నిలిచింది. అలాగే రథాలు ఇప్పుడు చిత్తిరై నెలలో తిరుగుతున్నా, అవి తిరిగే వీధులకు మాసి వీధులనే పేరు మారలేదు. ఈ రెండు పేర్లు తెలిసినవారికి ఆ పాత మార్పు నేటికీ కళ్లకు కట్టినట్లు కనబడుతుంది.

కట్టడాలకు ధనం కావాలి. యుద్ధాలకు అంతకంటె ఎక్కువ కావాలి. తిరుమల నాయకుని కాలంలో ఆ రెండూ ఎడతెగకుండా సాగాయి. ఏలుబడి మొదటి యేండ్లలోనే మైసూరు సైన్యం దిండుక్కల్లు దాకా వచ్చింది, దానిని తరిమికొట్టారు. రామనాథపురపు సేతుపతితో పోరు వచ్చింది. అన్నింటికంటె పెద్ద పొరపాటు ఉత్తరాన జరిగింది. తన పూర్వులను ఈ సీమకు పంపిన విజయనగర వంశపు చివరి రాజులలో ఒకడైన శ్రీరంగరాయలు కప్పం కోసం గట్టిగా పట్టుబట్టినప్పుడు, తిరుమల నాయకుడు తలవంచలేదు. ఆయనకు వ్యతిరేకంగా గోల్కొండ, బీజాపూరు సుల్తానుల సహాయం కోరాడు. వచ్చినవారు విజయనగరంతో ఆగలేదు. 1649లో సెంజి కోట బీజాపూరు వశమైంది. చివరకు మదురై కూడా వారికి కప్పం కట్టవలసివచ్చింది. ఒక యజమానిని వదిలించుకోబోయి ఇద్దరిని తెచ్చిపెట్టుకొన్నట్లయింది. సైన్యాలు నడిచిన దారుల పొడవునా పల్లెలు పాడయ్యాయని ఆనాటి జెసూట్ మతగురువుల లేఖలు చెబుతున్నాయి. మహలు గుమ్మటాన్ని చూసి మెచ్చుకొనేవారు ఆ పల్లెలను కూడా తలచుకోవాలి.

ఆయన కట్టాలనుకొన్నవన్నీ పూర్తికాలేదు. పుదుమండపానికి తూర్పున రాయగోపురం అనే మహాగోపురానికి పునాది వేయించాడు. అది పూర్తయితే తక్కిన గోపురాలన్నీ దానిముందు చిన్నవయ్యేవి. లతలు చెక్కిన ఏకశిలా స్తంభాలు లేచాయి, అంతటితో పని ఆగింది. ఆ మొండి ద్వారం నేటికీ అలాగే నిలిచి ఉంది. దాని కింది నుంచి మనుషులు, సైకిళ్లు, ఎడ్లబండ్లు పోతూవచ్చాయి.

ముసలితనంలో రాజు మంచం పట్టి ఉండగా, 1656లో మైసూరు సైన్యం మళ్లీ వచ్చింది. చిక్కినవారి ముక్కులు కోస్తూ వచ్చిన ఆ దండును ఎదుర్కోవడానికి రాజు సేతుపతిని సహాయం అడిగాడు. ఒకప్పుడు తనతో పోరాడిన రామనాథపురమే ఆ వేళ ఆదుకొన్నది. రఘునాథ సేతుపతి సైన్యంతో వచ్చి మదురైని కాపాడాడు. ఆ తరువాత మదురై సైన్యం మైసూరు సీమలో చొరబడి అదే విధంగా పగ తీర్చుకొన్నది. 1659లో తిరుమల నాయకుడు మరణించాడు.

తరువాతి కథ వింటే మనసుకు కష్టం కలుగుతుంది. మనుమడు చొక్కనాథ నాయకుడు రాజధానిని మళ్లీ తిరుచిరాపల్లికి మార్చాడు. అక్కడ తనకు మహలు కావాలని తాతగారి మహలును విప్పించి, చెక్కిన రాళ్లను, కొయ్యపనిని బండ్లమీద తరలించాడు. తాత సంవత్సరాలు పడి కట్టించినదానిలో పెద్దభాగం అలా పోయింది. రంగవిలాసానివని చెప్పే పది స్తంభాలు మాత్రం ఇళ్ల నడుమ ఒక సందులో మిగిలాయి. ఆ సందుకు పత్తు తూణ్ సందు అనే పేరు వచ్చింది. తిరుమల నాయకుడు పిలిపించాడని చెప్పుకొనే సౌరాష్ట్ర నేతగాళ్లు మహలు చుట్టుపక్కల వీధులలో స్థిరపడ్డారు. రాజులు పోయినా వారి మగ్గాల చప్పుడు చాలా తరాలు ఆగలేదు. విశ్వనాథుని కోటను 19వ శతాబ్దంలో ఆంగ్లేయ అధికారి బ్లాక్‌బర్న్ పడగొట్టించి, కందకం పూడ్పించి, ఆ చోట వెలి వీధులు వేయించాడు. 1866 నుంచి 1872 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న నేపియర్ ప్రభువు మిగిలిన మహలును బాగుచేయించాడు. తరువాత చాలాకాలం అందులో జిల్లా న్యాయస్థానం నడిచింది. రాజు కొలువు తీరిన చోట వకీళ్లు వాదించారు.

వైగైకి అడ్డంగా ఆనకట్ట 1959లో వచ్చింది. రాజు పోయిన సరిగా 300 ఏండ్లకు. ఇప్పుడు చిత్తిరై పున్నమికి ఏటిలో నీరు లేకపోతే ఆ ఆనకట్ట నుంచి నీరు వదులుతారు. తెప్పకుళానికి నీరు తెచ్చే కాలువ మాత్రం ఊరు పెరిగినకొద్దీ పూడిపోయింది. ఎన్నో ఏండ్లు కోనేరు ఎండిపోయి, పిల్లలు అందులో దిగి క్రికెట్ ఆడుకొనేవారు. తెప్ప ఉత్సవం వచ్చినప్పుడు నీటిని యంత్రాలతో తోడి పోసేవారు. ఇటీవలి కాలంలో కాలువ పూడిక తీయించి వైగై నీటిని మళ్లీ ఆ దారిలోనే వదిలారు. ఏటి నీరు పాత వాలు వెంబడి పారి కోనేటిలోకి చేరింది. మెట్లు ఒక్కొక్కటే మునిగాయి. ఆటకు వచ్చిన పిల్లలు బంతి చేతబట్టుకొని గట్టుమీద నిలబడి చూశారు.